రెండు లైన్ల సంజాయిషీ

మా అమ్మాయికి హాస్టల్లో శిక్ష పడింది. సాక్ష్యం చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. ఎవరూ అడగనివి కూడా నంబర్లు వేసి మరీ రాసిచ్చాను.

నేను టెక్కలి కోర్టులో గుమాస్తాని, ఇల్లు పలాస. మా హారిక ఇంటర్ మొదటి సంవత్సరం, విజయవాడ అవతల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతోంది. ఇక్కడ కాలేజీలు లేక కాదు. అక్కడ చేర్పించకపోతే రేపెప్పుడో "నాన్నా, నువ్వు చేర్పించలేదు" అంటుందేమోనని నా భయం. చేర్పించాక ఇంకా పెద్ద భయాలు పట్టుకున్నాయి, అది వేరే సంగతి.

ఆ హాస్టల్ రూల్సు నాకు కంఠతా వచ్చు. వారానికి ఒక ఫోను, ఐదు నిమిషాలు, పక్కనే వార్డెను. నెలకి ఒక ఔటింగు, ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. బయటి తిండి లోపలికి రాకూడదు. మా సబ్ జైల్లో ములాఖత్ ఇంతకన్నా సులువుగా దొరుకుతుందని ఓసారి మా ఆవిడ సుగుణతో సరదాగా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"పలాసలో ఉండి పిల్లకి గుప్పెడు జీడిపప్పు పంపకపోతే ఎలగండీ? ఆ మెస్సు తిండికి సగమైపోనాది" అంది.

సరేనని జూన్‌లో దిగబెట్టినప్పుడు పావుకిలో ప్యాకెట్టు దిండు గలీబులో పెట్టి పంపాను. తెలిసి తెలిసి నేను చేసిన మొదటి తప్పు అది. ఆ రాత్రి నుంచీ ఎవరైనా అడిగితే బావుణ్ణు, ఒప్పేసుకుంటాను అన్నట్టే ఉండేది.

ఒక బుధవారం మధ్యాహ్నం కోర్టులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను. హారిక.

"నాన్నా, మెస్సు ఆంటీ ఫోన్ నుంచి చేస్తున్నా. ఒక్క నిమిషమే. పప్పు మా రూమ్‌లో నలుగురం తింటున్నాం, బాగుంది. అది కాదు గానీ, ఈసారి ఔటింగ్‌కి నువ్వూ అమ్మా ఇద్దరూ రండి. ఒక విషయం చెప్పాలి."

"ఏం విషయమమ్మా?"

"ఫోన్లో కాదు. వచ్చాక."

పెట్టేసింది.

ఔటింగుకి ఇంకా పదకొండు రోజులు. ఆ రోజులు ఎలా గడిచాయో మా ఇంటి గోడల్ని అడగాలి. అన్నం వడ్డిస్తూ సుగుణ "గ్రూపు మారతానంటాదేటో" అనేది. చెయ్యి కడుక్కుంటూ నేను "ఒంట్లో బాలేదేమో" అనేవాణ్ణి. "ఎవలైనా ఏటైనా అన్నారేటండీ?" అని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టేది. తినడం మానేశాం, ఊహించడమే.

ఇంకో నాలుగు రోజులుందనగా ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు.

"సార్, రూమ్ చెకింగ్‌లో మీ పాప దగ్గర జీడిపప్పు దొరికింది. పెద్ద విషయం కాదులెండి. మీరు రెండు లైన్లు సంజాయిషీ రాసి వాట్సాప్ చెయ్యండి, ఫైల్లో పెట్టేస్తాం. ఔటింగ్‌కి ప్రాబ్లమ్ ఉండదు."

రెండు లైన్లు. 'పొరపాటయింది, ఇకపై జరగదు.' నాలుగో క్లాసు పిల్లాడు కూడా రాయగలడు.

నేను తెల్లకాగితం తీసి మార్జిను మడిచాను. కోర్టులో ఇరవై ఏళ్ళుగా కాగితాలు తిరగేస్తున్నవాణ్ణి కదా, సగం నిజం రాయడం నా చేత కాదు. రెండున్నర పేజీలు వచ్చింది.

ఒకటి, సదరు జీడిపప్పు నా కుమార్తె కొనుగోలు చేసినది కాదు, నేనే దిండు గలీబు ద్వారా పంపితిని. ఇక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. రెండు, గత ఔటింగు నాడు కూడా షాంపూ డబ్బా కవరులో ఇంకొక ప్యాకెట్టు ఇచ్చియుంటిని. అది ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలిసేది కాదు. మూడు, నా కుమార్తె ఒంటరిగా తినలేదు, తోటి ముగ్గురు బాలికలతో పంచుకున్నది. మా పిల్ల మంచి మనసు వాళ్ళకి తెలియాలి కదా అని ఆ ముగ్గురి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశాను.

నాలుగోది అసలైనది. ఏ మాటైనా రాస్తే అది మనకెలా తెలిసిందో కూడా రాయాలి, లేకపోతే ఆ మాట నిలబడదు. అందుకని, 'పై విషయము ఫలానా బుధవారం నా కుమార్తె మెస్సులో పనిచేయు ఆంటీ ఫోను ద్వారా నాకు తెలియజేసినది' అని రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాను.

మనసు తేలికపడింది. ఆ కాగితం మర్నాడు మా సెక్షన్లో టైపిస్టు రామ్మూర్తికి చూపించాను, మెచ్చుకుంటాడని. వరసకి బావ. మొదటి పేజీ చదివి నా మొహం చూశాడు, రెండో పేజీ చదివి తలుపు వైపు చూశాడు.

"బావా, పంపేసినావేటి?"

"నిన్నే."

"ఇక్కడ ముద్దాయిలు కొట్టినా ఇంత సెప్పరు గదరా" అన్నాడు.

ప్రిన్సిపాల్ నుంచి ఒకే మాట వచ్చింది, 'నోటెడ్' అని. అది నాకు మెచ్చుకోలు లాగే కనబడింది.

శనివారం సాయంత్రం రైలెక్కాం. మా ఎదుటి సీట్లో సోంపేట కొబ్బరి వ్యాపారి ఉన్నాడు, హారిక రూమ్మేట్ తండ్రి. నేను పేర్లు రాసిన ముగ్గురిలో ఆ పిల్ల ఒకతె. కూతురికి కొత్త డ్రెస్సు తెచ్చాడు, సంచిలోంచి తీసి సుగుణకి చూపించాడు. "ఔటింగుకి ఏసుకుంటాదని" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అప్పటికి నాకు ఇంకా అనుమానం కూడా రాలేదు.

తొమ్మిదింటికి హాస్టల్ గేటు. నోటీసు బోర్డు మీద నాలుగు పేర్లున్నాయి. మూడు నెలలు ఔటింగ్ రద్దు, పేరెంట్స్‌కి విజిటర్స్ రూమ్‌లో పది నిమిషాలు అనుమతి. సోంపేట ఆయన లోపలికెళ్ళి కారణం కనుక్కుని వచ్చాడు. కోపంగా కూడా లేడు.

"మా పాప పేరు ఇంటిపేరుతో సహా రాసినారట గదండీ గుమస్తాగారూ" అన్నాడు. డ్రెస్సు సంచి చంకలో పెట్టుకుని పక్కకెళ్ళి నుంచున్నాడు. నేను జేబులో పెన్ను తడుముకున్నాను. కాగితం ఇస్తే జవాబు రాసేవాణ్ణేమో.

హారిక వచ్చింది. చిక్కిపోయింది. నాలుగో కుర్చీలో వార్డెన్ కూర్చుంది.

"అమ్మా, నాతో రూమ్‌లో వాళ్ళెవరూ మాట్లాడట్లేదు" అంది మామూలుగా, వాన పడుతోంది అన్నట్టు. "మెస్సు ఆంటీని మాన్పించేశారు."

సుగుణ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఏదో సెప్తానన్నావు గదమ్మా, దానికే వచ్చినాం" అంది.

హారిక వార్డెన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నన్నే ఎక్కువసేపు చూసింది.

"ఏం లేదమ్మా."

"చెప్పు తల్లీ" అన్నాను, గొంతు తగ్గించి. "నేనెవరికీ చెప్పను."

"నువ్వు చెప్పవు నాన్నా. రాస్తావు."

వార్డెన్ గడియారం చూసి లేచింది. మా పిల్ల కూడా లేచి, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది. ఆ విషయమేమిటో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఫోన్లో ఐదు నిమిషాలూ "తిన్నాను, చదువుతున్నాను" అంతే.

బయటికొస్తుంటే వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోశాడు. పేరు, టైము, సంతకం, చివర 'తల్లిదండ్రుల అభిప్రాయం' అని ఒక గడి. నా జీవితంలో మొదటిసారి ఒక గడి ఖాళీగా వదిలేసి నడిచాను. సుగుణ ఆటో దగ్గర నిలబడి చూస్తోంది.

"సార్, లాస్ట్‌ది నింపలేదు" అని వాచ్‌మన్ పిలిచాడు.

వెళ్ళిపోవచ్చు. వెనక్కెళ్ళాను. పెన్ను తీసి 'సంతృప్తికరం' అని రాశాను. వాచ్‌మన్ చాలన్నాడు గానీ, దాని కింద తేదీ వేసి ఇంకో సంతకం కూడా పెట్టి వచ్చాను.