తాడు కొస నా చేతిలనే ఉండె

ఒక ముసలాయనకు మతిమరుపు అంటగట్టిన. ఆయనకు ఏ రోగం లేదు. నాకు చెప్పిన మాటను "చెప్పలే" అన్న, అంతే. ఆయన నన్ను నమ్మి, తనను తాను నమ్ముడు మానేసిండు. పదిహేనేండ్లాయె. ఎల్లారెడ్డిల నాతోని కూసుండి చాయ్ తాగెటోళ్ళెవ్వలకు ఇది తెల్వదు. నా నోరు తెరిస్తే నవ్వు తప్ప ఇంకోటి రాదని వాళ్ళ నమ్మకం. నవ్వించేటోని కడుపుల ఏమున్నదో ఎవ్వలడుగుతరు? నువ్వూ అడగలే. అయినా చెప్త. జాలి పడేటట్టుంటే మాత్రం ఇక్కడ్నే ఆపెయ్యి. నీ జాలి నాకొద్దు. నీ నీతులు అంతకన్న వద్దు.

ఆరో తరగతిల బడి బంద్ పెట్టిన. తాడ్వాయి దిక్కు బావులల్ల పూడిక తీసే పనికి వోయేటోన్ని. ఈత, మునుగుడు అక్కడ్నే వచ్చినయి. ఎనభైల మొదట్ల అందరి లెక్కనే నాకూ దుబాయి పిచ్చి పట్టింది. మా వాడకట్టంత కామారెడ్డి స్టేషన్‌కు వచ్చి, పూలదండలేసి రైలెక్కిచ్చిన్రు. బ్యాగు మీద తెల్ల రంగుతోని నా పేరు, ఊరు, కింద దుబాయి అని ఇంతింత అక్షరాలు రాయించుకున్న. బొంబాయిల పాస్‌పోర్టు తీసుకున్న ఏజెంటు మళ్ళ కనపడలే. నెల రోజులు వాని కోసం తిరిగిన. ఏం మొఖం పెట్టుకొని ఇంటికి వోవాలె? బ్యాగు వీపుకేసుకొని, సముద్రం ఒడ్డు పట్టుకొని దక్షిణం దిక్కు నడుసుకుంట వోయిన. ఒక్కన్నే.

నిజం చెప్పాల్నంటే ఆ నడక నాకు నచ్చింది. ఎర్రమట్టి దారులు, కొబ్బరి తోటలు, ఒడ్డు పొడుగూత కూలిపోయిన పాత కోటలు. కప్పు లేని బురుజులల్ల పండుకున్న. నీళ్ళు బాగ కనపడ్డ కాడల్లా దుంకిన. బావిల మునిగితే చుట్టూత గోడ తగుల్తది. అక్కడ ఎటు చెయ్యి చాపినా ఏం తగలదు. ఆ సంబురం ఎవ్వలకు చెప్పుకోవాలె? ఇంటికి మాత్రం దుబాయిల ఉన్ననని ఉత్తరాలు రాసేటోన్ని. ఇంటికొచ్చేటోళ్ళ చేతికిచ్చి ఇక్కడి పోస్టు డబ్బాల వేయించుడు అప్పుడు దుబాయోళ్ళంత చేసేదే. అందుకే మన దేశం స్టాంపు చూసి మా అమ్మకు అనుమానం రాలే.

అట్ల నడిచి నడిచి ఒక ఊరికి చేరిన. అక్కడ సగం కోట సముద్రంల మునిగి ఉండె. నీళ్ళ కింది గోడలకు ఆలిచిప్పలు పట్టేటివి. ఒక తండ్రి, ఒక కొడుకు ఆ చిప్పలు తీసి బతికేటోళ్ళు. కొడుకు సఖారాం నా ఈడోడే, నడుముకు తాడు కట్టుకొని మునిగేటోడు. తండ్రిని ఊరంత బాబా అంటుండె, నేనూ గట్లనే పిలిచిన. ఆయన తెడ్డు వేసేటోడు. వాళ్ళ చుట్టమొకాయన పడవల కూసొని తాడు పట్టేటోడు. మా అమ్మ పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు కాడి బిచ్కుంద, మరాఠీ నాకు నోటికొస్తది. బాబా అన్నం పెట్టిండు. చిప్పలు మోసుకుంట, ఎండబోసుకుంట అక్కడ్నే ఉండిపోయిన.

ఒకనాడు తాగి, దుబాయి అబద్ధం మొత్తం సఖారాంకు నేనే చెప్పుకున్న. తెల్లారేసరికి ఒడ్డు మీద అందరి నోట్లె నేను "షేఖ్ సాబ్". ఎల్లారెడ్డిల సగం మందికి పేర్లు పెట్టినోన్ని నేను. నాకు ఒకడు పేరు పెడితే అన్నం దిగలే. వాడు నాకంటే బాగ ఎక్కిరిస్తున్నడని కడుపుల మంటనా? లేకుంటే వాడన్నది నిజమనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

తాడు పట్టే చుట్టానికి జరమొచ్చింది ఒకనాడు. బాబా తాడు నా చేతికిచ్చిండు. పడవ వెనక కొసకు ఆయన, ముందట మేమిద్దరం. గాలి మా మొఖాన కొడుతున్నది. సఖారాం నడుముకు ముడి బిగించుకుంట మొదలు పెట్టిండు.

"ఏం షేఖ్ సాబ్, ఇయ్యాల దుబాయిల ఎండ ఎట్లున్నది?"

"నువ్వు లోపలికి వో. సల్లగుంటది."

"మీ అమ్మకు ఈసారి ఉత్తరంల పిడికెడు ఇసుక పెట్టి పంపు. ఎడారిదనుకొని దేవుని కాడ పెట్టుకుంటది ముసల్ది."

"మా అమ్మ ముచ్చట తియ్యకు."

"తీస్తే ఏం చేస్తవ్?"

"తాడు నా చేతిల ఉన్నది."

వాడు పండ్లన్ని కనపడేటట్టు నవ్విండు. "నీకు గంత ధైర్యమే ఉంటే ఎప్పుడో ఇంటికి వోయి నిజం చెప్పేటోనివి."

బరువుకు రాయి పట్టుకొని మునిగిండు.

మా బావులల్ల లోపలున్నోడు వెంట వెంట తాడు గుంజితే, ఇంకింత వదలమని. అక్కడ అది ఉల్టా. ఒక్కసారి గుంజితే వదలాలె, వెంట వెంట గుంజితే పైకి లాగాలె. వాడు వెంట వెంట గుంజిండు. నేను వదిలిన. మళ్ళ గుంజిండు. మళ్ళ వదిలిన. జర భయపడనీ అనుకున్న. పైకొచ్చి నన్ను బతిమాలుకోనీ అనుకున్న. చంపాలని లేకుండె. లేకుండెనా? ఆ నిమిషంల నా మనసుల ఏమున్నదో తవ్వి తవ్వి చూసిన, దొరికేదల్లా ఒక్కటే: నా అరచేతిల తాడు కొట్టుకుంటుంటే నాకు మంచిగనిపించింది. నాకు మంచిగనిపించింది. ఇది రాయనీకే ఇన్నేండ్లు పట్టింది.

బాబా చూసి కేక పెట్టి, నా చేతిలకెల్లి తాడు గుంజుకొని లాగిండు. సఖారాం నోట్ల నురుగు, రెండు చెవులల్లకెల్లి నెత్తురు. పానం దక్కింది. చెవులు పోయినయి. ఇగ నీళ్ళల్ల దిగొద్దన్నడు డాక్టరు.

ఒడ్డు మీద అందరు నా చుట్టూత చేరిన్రు. మా బావుల పద్ధతి చెప్పి, "ఇక్కడిది నాకెవ్వలు చెప్పలే" అన్న. ఎంత జల్ది వచ్చింది నోటికి! నా నోరు అంతే కదా, ఎప్పుడూ జల్దే. బాబా నా దిక్కు చూసిండు. "చెప్పిన గద కొడుకా" అన్నడు. తడి తాడును చేతికి చుట్టుకుంట, "చెప్పిన అనుకున్న" అన్నడు. చుట్టుడు ఆపి, "ముసలోన్ని. మర్చిపోయుంట" అన్నడు. మూడు మాటలల్ల ఒక మనిషి నా కండ్ల ముందట్నే చిన్నగైపోయిండు. సఖారాం పెండ్లాం అందరి ముందట మామ మీద మొత్తుకున్నది: "తెల్వనోని చేతికి తాడిచ్చి, కన్నకొడుకును నువ్వే ముంచినవ్." ఆనాటి నుంచి ఆయన గిన్నె ఇంటి బయట పెట్టింది. చెవులు వినరాని కొడుకు ముందట కూసొని ఆయన పెదవులు కదుపుకుంట ఏందో చెప్తుండె. కొడుకు మొఖం తిప్పుకునేటోడు. ఇదంత చూసుకుంట మూడు రోజులున్న. నన్ను పట్టుకొని, "ఏడ్వకు, నీ తప్పు కాదు" అన్నది కూడ ఆయనే. పడవ మీది మా మాటలు ఆయనకు వినపడలేదా? వినపడీ గట్లన్నడా? తెల్వదు.

నాలుగో రోజు వచ్చేసిన. దుబాయిల కంపెనీ మూసేసిన్రని ఇంట్ల చెప్పిన. మా ఊరి చాయ్ హోటల్ల ఈ తాడు ముచ్చటను దుబాయి సముద్రంల జరిగినట్టు, నేను అమాయకున్నైనట్టు ఎన్నిసార్లు చెప్పి నవ్వించిన్నో! "అరే మామా, మల్లొక్కసారి చెప్పరాదు" అంటే మల్ల చెప్పిన. రెండేండ్ల కిందట ఒక్కసారి ఆ ఊరికి పోయే బస్సు కాడి దాక వోయిన. బస్సు కదిలింది. నేను ఎక్కలే. బాబా ఉన్నడో లేడో కూడ తెల్వదు.

ఇప్పుడు నీకు చెప్తున్న. ఆయన మర్చిపోలేదు. ఆనాడు పొద్దుగాల ఇసుకల నిలవెట్టి, తాడు తన నడుముకే కట్టుకొని, నేను లాగేదాక గుంజి గుంజి చూపించిండు. ఊపిరాడనట్టు కండ్లు పెద్దగ చేసిండు, నేను పడి పడి నవ్విన. "నవ్వకు, చెప్పు" అని మూడుసార్లు అడిగిండు. మూడుసార్లు నేను సరిగ్గనే చెప్పిన.