అర మైలు నీళ్లకి నలభై ఒక్క రోజులు

మా నరసింగరావు గారికి ఒకటే జబ్బు. ఎవరు ఏ మంచిమాట చెప్పినా చివరిదాకా ఓపిగ్గా వింటారు, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు, "అది సరే, తప్పితే?" అంటారు.

తప్పితే అంటే, అనుకున్నది అనుకున్నట్టు జరక్కపోతే అని. మా వీధి శంకరరావు కూతురికి సంబంధం కుదిరిందన్నా అదే మాట. నేను కొత్త సైకిలు కొని చూపించినా అదే మాట. వ్రతం పూర్తయింది, ఇక అన్నీ శుభాలే అని పురోహితుడు అక్షతలు వేస్తే, వంచిన తల ఎత్తకుండానే "అది సరే పంతులుగారూ, తప్పితే?" అన్నారట. భిలాయి సెక్టర్ 7లో ఆయన ఇంటిపేరు ఎవరికీ తెలీదు. తప్పితే నరసింగరావు ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం వీధి కుక్కలు కూడా దారి చూపిస్తాయి.

ఆ ఇంట్లో అన్నీ రెండేసి ఉండేవి. రెండు తాళాలు, రెండు కిరసనాయిలు స్టవ్వులు, రెండు గొడుగులు. రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తుంటే ఏది నమ్మాలో తెలియక మూడోది కొన్నారు. "నాకు చెల్లెలు లేదు కనక సరిపోయింది గానీ," అనేవారు వాళ్లావిడ పార్వతమ్మగారు.

ఆయన ఉక్కు ప్లాంటు రైలు యార్డులో పని చేసేవారు. అంతకుముందు వైజాగు హార్బరులో ఉండేవారు. అక్కడ ఏం చేసేవారో ఎవరం అడగలేదు. ఆ మొహం చూస్తే చిట్టాలు రాసుకునే మొహమే.

అరవై నాలుగులో వానలు వెళ్లే మాట ఎత్తలేదు. ఆకాశం మసిగుడ్డలా ఉండేది. ఆ వానల్లోనే నేను ఒక పాపం చేశాను. దాచి లాభం లేదు, చెప్పేస్తాను. నా రేడియోలో విజయవాడ స్టేషను పలకడం లేదని, ఎదురింటి చినబాబుని పిలిచి ఏరియల్ కట్టమన్నాను.

చినబాబు ప్లాంటులో రిగ్గరు. రెండు వందల అడుగుల ఎత్తున ఇనప దూలాల మీద, మనం వసారాలో పచార్లు చేసినట్టు చేసేవాడు. అలాంటివాడు నా పదకొండడుగుల డాబా మీద నాచు తొక్కి జారి పడ్డాడు. కాలు విరిగింది. రెండు నెలలకి కాలు అతుక్కుంది, ధైర్యం అతుక్కోలేదు. బల్బు మార్చడానికి స్టూలెక్కినా చెమటలు పట్టేవి. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. డిసెంబరు ఒకటిన ఫోర్‌మన్ ఎదట ముప్పై అడుగుల నిచ్చెన ఎక్కి చూపించాలి. చూపించకపోతే రిగ్గరు పని పోయినట్టే. పోతే ఊరెళ్లిపోతానంటాడు. భీమిలి పక్క వాళ్ల ఊళ్లో వాళ్లకి మిగిలింది చిరిగిన వల ఒక్కటే.

"నా కొడుకు గోడతో మాటాడతన్నాడు బాబూ," అని వాళ్లమ్మ నూకాలమ్మ మా గుమ్మంలో కూచుని ఏడ్చేది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది. నేను చేసిందల్లా రేడియో మీద గుడ్డ కప్పడం.

ఇలా ఉండగా, దసరా ముందు ఒక సాయంత్రం, నరసింగరావు గారు వీధి వీధంతా విస్తుపోయే మాట అన్నారు. "కార్తీకంలో వనభోజనాలకి వెళదాం. బాలోద్ దగ్గర డ్యాములో ఒక దీవి ఉంది. దీవిలో ఉసిరిచెట్టుంది. చేపల కాంట్రాక్టరు మోటారు బోటు ఇస్తానన్నాడు."

"దీవి ఎంత దూరం?" అన్నాను.

"అర మైలు. తొమ్మిది నిమిషాలు."

"అయితే ఏముంది, వచ్చే ఆదివారమే పోయొద్దాం."

ఆయన కళ్లజోడు తీశారు. "అది సరే గోపాలం, తప్పితే?"

ఆ తొమ్మిది నిమిషాల కోసం మేము నలభై ఒక్క రోజులు తయారయ్యాం.

మొదటి వారం బరువులు. బోటు ఒక పక్కకి ఒరగకూడదని రేషన్ షాపు కాటా మీద అందరినీ తూచారు. పార్వతమ్మగారు ససేమిరా ఎక్కనన్నారు. "నన్ను మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి." ఆయన రాసుకున్నారు. ఆ అంకె చూసి ఆవిడ రెండు రోజులు వంట మానేశారు. మూడోరోజు కాటా ఎక్కి, ఆయన రాసింది తప్పని రుజువు చేసి దిగారు.

రెండో వారం రిహార్సలు. ఇంటి ముందు రెండు నులక మంచాలు జోడించి అదే బోటన్నారు. పదకొండు మందిమి దాని మీద కూచుని మబ్బు కింద నీళ్లు లేని చోట అటూ ఇటూ ఊగాం. "అల వచ్చింది, అందరూ ఎడం పక్కకి!" అని అరిచేవారు. దారినపోయే సర్దార్జీ సైకిలు దిగి, చేతులు జోడించి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు.

ఈ లోపల ఆయన రోజూ చినబాబు గదిలోకి వెళ్లేవారు. మొదటిరోజు నేనూ వెంట ఉన్నాను.

"ఒరే చినబాబూ, బోటుని ఒడ్డున కట్టాలి. ఏ ముడి వెయ్యాల్రా?"

"నాను రాను బాబాయ్," గోడే జవాబు చెప్పినట్టుంది.

"నిన్నెవుడు రమ్మన్నాడు? ముడి సెప్పు చాలు."

చినబాబు గోడకే చెప్పాడు. మర్నాడు నరసింగరావు గారు తాడు తీసుకెళ్లి మంచం కోడుకి కట్టి చూపించారు. అది లంగా బొందు ముడి. మూడోరోజూ అదే, నాలుగోరోజూ అదే. నా జన్మలో అంత మొద్దు చేతులు చూడలేదు. అయిదోరోజు చినబాబు ఇక భరించలేక లేచి కూచున్నాడు.

"అది ముడేటి బాబాయ్? మేక కూడా తెంపుకుపోద్ది. ఇలగివ్వు."

వారం తిరిగేసరికి ముడులు నేర్పడానికి వసారాలోకి వచ్చాడు. ఇంకో వారానికి, మంచాల బోటులో ఎవరు ఎక్కడ కూచోవాలో అరిచి చెబుతున్నాడు. నరసింగరావు గారు ఆపద మీద ఆపద ఊహించేవారు. ఇంజిను పేలితే? మొసలి వస్తే? ఇద్దరం కలిసి మునిగితే? చినబాబు తలకొట్టుకుని, "ఏటీ అవదు బాబాయ్, నువ్వు ఊరికే బెంగెట్టుకోకు," అనేవాడు. మూడు నెలల తర్వాత వాడి నోట ఏటీ అవదన్న మాట విని నూకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కానీ స్టూలు మాత్రం ఎక్కలేదు. ఎక్కమంటే మొహం తెల్లగా పాలిపోయేది. నవంబరు ఇరవై రెండు ఆదివారం వచ్చేసింది. నిచ్చెనకి ఇంక తొమ్మిది రోజులే ఉంది.

పక్కనున్న జాముల్‌లో సిమెంటు దించిన లారీ ఒకటి దొరికింది. బంగాళాఖాతంలో వాయుగుండమట, తెల్లారినుంచీ సన్నటి తుంపర. సిమెంటు దుమ్మూ తుంపరా కలిసి, డ్యాము దగ్గర దిగేసరికి పదకొండు మందిమీ కొత్తగా పోసిన స్తంభాల్లా ఉన్నాం. నీళ్లూ బూడిద రంగే, ఆకాశమూ బూడిద రంగే. ఉసిరిచెట్టు కింద పులిహోర కంటే తద్దినం భోజనానికి తగిన రోజు అది.

బోటు నడిపే దుకాలూ సామాను కేసి ఒకసారి, బోటు కేసి ఒకసారి చూశాడు. రెండు లాంతర్లు, రెండు తాళ్లు, తాటిచెట్టంత వెదురుకర్రకి కట్టిన ఎర్రజెండా, పన్నెండు బొంతలు.

"బొంతలెందుకండీ?" అన్నాను.

"ఇంజిను పాడైతే రాత్రికి దీవిలోనే కదా తొంగోవాలి. అవతల గట్టు మీద వాచ్‌మన్‌తో సెప్పేను. ఎర్రజెండా ఎత్తున అగుపిస్తే డోంగా పడవ పంపుతాడు."

రెండు ట్రిప్పుల్లో దాటాం. ట్రిప్పుకి తొమ్మిది నిమిషాలే. అల రాలేదు, మొసలి రాలేదు. నలభై ఒక్క రోజులు నేర్చుకున్నదేదీ పనికి రానందుకు నాకు ఒళ్లు మండింది. దీవిలో నరసింగరావు గారు ఒక మద్ది చెట్టు చూపించి, "బొంతలన్నీ దాని మొదట్లో దట్టంగా పరవండి. అక్కడ చీమలుండవు," అన్నారు. దీవిలో చీమలున్నది అక్కడే.

భోజనాలయ్యాయి. నాలుగు గంటలకే చీకటి పడేలా మబ్బు కమ్మింది. దుకాలూ ఇంజిను తాడు లాగాడు. కదల్లేదు. పదిసార్లు లాగాడు, ఇరవైసార్లు లాగాడు. తువ్వాలు తీసి నుదురు తుడుచుకుని, "ఇంజన్ మర్ గే బాబూ," అని నెత్తిన చెయ్యి పెట్టుకుని గట్టున కూలబడ్డాడు.

ఆడవాళ్లు ఏడుపు మొదలెట్టారు. జెండా ఎత్తాలంటే ఆ మద్ది చెట్టే గతి. నున్నటి మాను, పైకి నలభై అడుగులుంటుంది. నరసింగరావు గారు చినబాబు వైపైనా చూడకుండా నా చేతికి జెండా ఇచ్చారు. నేను ఎక్కాను. నాలుగడుగులు ఎక్కి అయిదడుగులు జారాను.

చినబాబు చెట్టుకేసి చూస్తున్నాడు. "నాను ఎక్కనేను బాబాయ్," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"నిన్ను ఎక్కమనలేదురా. గోపాలమే మళ్లీ ఎక్కుతాడు. ఎక్కు గోపాలం."

"ఈయన పడిపోతాడు బాబాయ్!"

"పడనీ. ఏటి చేద్దుం?"

నేను దేవుణ్ణి తలుచుకుని మళ్లీ మాను పట్టుకున్నాను. నా భుజం మీద చెయ్యి పడింది. "నువ్వు తప్పుకో గోపాలం భయ్యా," అన్నాడు చినబాబు. నా మూలాన పడ్డవాడు, నేను పడకూడదని అన్నాడు. ఆ చెయ్యి తడిగా ఉంది, చన్నీళ్లలోంచి తీసినట్టు.

తాడు విసిరి పై పంగలోంచి వేశాడు. ఒక కొస నడుముకి కట్టుకున్నాడు. రెండో కొస నరసింగరావు గారు అందుకుని, పక్కనున్న మొద్దుకి చుట్టి, చూడకుండానే ఒక్క విసురున బిగించి పట్టుకున్నారు. లంగా బొందు తప్ప మరేదీ రాని మనిషి. ఆ క్షణంలో నాకది తట్టలేదు. మా అందరి కళ్లూ పైనే ఉన్నాయి.

పదడుగుల దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు ఆగిపోయాడు. తుంపర పడుతూనే ఉంది. నూకాలమ్మ కళ్లు మూసుకుంది. కింద నరసింగరావు గారు ఎవరితోనో అన్నట్టు, "ఆ వెదురుకి జెండా నానే కట్టేను. ఊడిపోద్దేమో," అన్నారు.

"ఊడిపోద్ది బాబాయ్! తప్పకుండా ఊడిపోద్ది!" అని పైనుంచి విసుక్కుంటూ, ఆ విసురులోనే చినబాబు మిగిలిన ముప్పై అడుగులూ ఎక్కేశాడు. నడుముకి వేలాడే రెండో తాడుతో వెదురు పైకి లాక్కున్నాడు. జెండా ఎగిరింది. అవతల గట్టున ఎవరో తువ్వాలు ఊపారు.

వాడు దిగలేదు. "బాబాయ్, ఇక్కడికి భిలాయి పొగ అగుపడతంది!"

"అగుపడదురా, నలభై మైళ్లు. దిగు."

"నాకు అగుపడతంది!"

నూకాలమ్మ నవ్వుతూ ఏడ్చింది. నేను ఏడుస్తూనే ఏడ్చాను.

ఈ గొడవలో బోటు తొయ్యడానికని అటు వెళ్లాను. నరసింగరావు గారు ఇంజిను దగ్గర గొంతుక్కూచున్నారు. మొలలోంచి జేబురుమాలు తీశారు. అందులోంచి ఇంజిను ప్లగ్గు తీశారు. ఊది, తుడిచి, స్పానరుతో రెండు తిప్పులు తిప్పి, తాడు ఒక్కసారి లాగారు. ఇంజిను ధనధనమంది. ఇందాక నెత్తిన చెయ్యి పెట్టుకున్న దుకాలూ హాయిగా బీడీ కాలుస్తూ, "వాహ్ సరంగ్ సాబ్!" అన్నాడు.

"సరంగేమిటి?" అన్నాను, నోరు తెరిచి.

"హార్బరులో లాంచీ నడిపేవాణ్ణి. తొమ్మిదేళ్లు సరంగుని."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "అది సరే నరసింగరావు గారూ, తప్పితే? వాడు పైనుంచి పడితే?"

ఆ మాట ఆయన్ని ఎవరైనా అడగడం అదే మొదలు. గడ్డంతో చెట్టు మొదట్లో బొంతలు చూపించారు. తర్వాత అరచెయ్యి తెరిచారు. తాడు ఒరిసి తోలు లేచిపోయింది.

"తాడు తప్పితే బొంతలున్నాయి."

"బొంతలు తప్పితే?"

ఆయన కళ్లజోడు తీశారు. పంచె తడిసి ఉంది, తుడుచుకోవడానికి ఏమీ దొరకలేదు. "అదే తేలక నలభై రోజులుగా నాకు నిద్రలేదు గోపాలం. వాడికి మాత్రం సెప్పకు," అన్నారు.

డిసెంబరు ఒకటిన చినబాబు నిచ్చెన ఎక్కాడు. దిగమన్నా కాసేపు దిగలేదట. ఆ సాయంత్రం డ్యూటీ బూట్లతోనే మా ఇంటికొచ్చి, గుడ్డ కప్పిన రేడియో కేసి చూసి, "గోపాలం భయ్యా, ఏరియల్ కట్టీమంటావా?" అన్నాడు.

"వద్దురా... అది సరే గానీ, తప్పితే?" అన్నాను.

వాడు పగలబడి నవ్వి వీధిలోకి చెయ్యి చూపించాడు. నరసింగరావు గారు నెత్తిన రెండు బొంతలు పెట్టుకుని వస్తున్నారు. వెనక పార్వతమ్మగారు ఇంకో రెండు మోసుకొస్తూ, "ఆ గోడ పక్కన చీమలున్నాయండీ," అంటున్నారు.

మిగిలిన ఎనిమిదీ నేనే వెళ్లి పట్టుకొచ్చాను.