మామిడిచెట్టుకు జామీను

ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా తోస్తుంది గానీ, ఆ రోజుల్లో ఎవరేమి చెప్పినా "ఆధారమేమిటి?" అని అడగనిదే నాకు అన్నం సహించేది కాదు. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, ఉద్యోగం దొరికేలోపు చెట్టూచేమల మధ్య బతికి చూద్దామని చిత్తూరు దగ్గర మా మామ మామిడితోపుకు చేరాను. (అలా బతికితే మనసు కుదుటపడుతుందన్న మాటను కూడా పరీక్షించే ఉద్దేశంతోనే. అందుకని ఒక థర్మామీటరూ, గళ్ల నోటుపుస్తకమూ వెంట తెచ్చుకున్నాను.) తోపు చివర ఒక తోతాపురి చెట్టు కింద మంచం వేసుకున్నాను. నెల తిరగకముందే దాని ఆకుల చప్పుడు లేనిదే నాకు కునుకు పట్టకుండా పోయింది. ఈ సంగతి మాత్రం పుస్తకంలో రాయలేదు.

ఆ చెట్టు నాలుగేళ్లుగా కాయలేదు. దాన్ని కొట్టించి ఆ చోట బోరు వేయించాలని మామ తీర్మానించాడు. అత్త అడ్డుపడి, చివరిసారిగా పాత ఆచారం జరిపిద్దామంది. ఒకరు గొడ్డలెత్తి చెట్టును బెదిరించాలి. మరొకరు అడ్డం వచ్చి, "వచ్చే కాపుకు కాస్తుంది, వదిలిపెట్టు" అని జామీను పడాలి. ఆ మాట వినబడేదాకా ఎత్తిన గొడ్డలి దించకూడదు. దించితే నరకడానికే దించాలి. పోయిన ఏడాది జామీను పడింది అత్తే గనుక ఆమె మాట ఇక చెల్లదు. కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నేను ముందుగా, అంతంతమాత్రంగా కాసే పక్క చెట్టుకు సుద్దతో గుర్తు పెట్టి, పోలిక కోసం దాన్ని ఎవరూ బెదిరించరాదని ఆజ్ఞాపించాను.

మామ గొడ్డలెత్తాడు. "కాయని మాను నాకెందుకు? నరికేస్తా ఉండా!" అని గర్జించాడు. ఆధారం లేకుండా హామీ ఎలా ఇవ్వడం?

"మామా, కాస్తుందని ఖచ్చితంగా చెప్పలేము. అవకాశముందని మాత్రం..."

"అవకాశమేందిరా! సేతులు పడిపోతా ఉండాయి, గట్టిగా సెప్పు!"

"వర్షపాతం అనుకూలిస్తే..."

అత్త తల బాదుకుంది. "వాన సంగతి దానికెందుకురా అబ్బయ్యా? సెట్టు మన మాటలు ఇంటా ఉండాది. నువ్వు నసిగితే దానికి లోకువైపోతాం!"

మామ, "ఇంగ నా వల్ల కాదు. బోరు బండికి కూడా మాట్లాడేసినా" అన్నాడు. గొడ్డలి జానెడు కిందికి జారింది. ఆ క్షణంలో నా పట్టా ఏమైపోయిందో తెలియదు. చెట్టును రెండు చేతులా కావలించుకొని, "కాస్తుంది మామా! నేను జామీను! వదిలెయ్!" అని అరిచాను. (కొమ్మల్లోని ఎర్రచీమలు వెంటనే చొక్కాలోకి దిగి, జామీనుదారుణ్ణి క్షుణ్ణంగా పరిశీలించాయి.)

ఆ తరువాత వచ్చిన వేసవిలో చెట్టు విరగకాసింది. నేను గుర్తు పెట్టిన చెట్టు దగ్గరికి పరుగెత్తాను. అదీ విరగకాసింది.

"చూసినావా మామా, బెదిరించనిదీ కాసింది!"

మామ తాపీగా, "పక్కనే కదప్పా ఉండాది, దానికి మాత్రం ఇనబడదా?" అన్నాడు. ఆ వాదనను ఖండించే ప్రయోగం నాకు నేటికీ తోచలేదు.

ఇప్పుడు తిరుపతిలో, మూడో అంతస్తు బాల్కనీలో, కుండీలోని ఒక నిమ్మమొక్కే నా తోపు. ఎన్నాళ్లయినా అది పూయలేదు. మొన్న ఇంట్లో ఎవరూ లేనిది చూసి, కత్తెర పైకెత్తి దాన్ని బెదిరించాను. జామీను పడేందుకు రెండో మనిషి ఉండాలన్న సంగతి ఆ తరువాత గాని గుర్తు రాలేదు. మా ఆవిడ కూరగాయల సంచితో తిరిగి వచ్చేదాకా చేయి ఎత్తుకొని నిలబడ్డాను. "ముందు పూస్తుందని చెప్పు, చేయి లాగేస్తోంది!" అని బతిమాలాను. నా నోట ఒకే ప్రశ్న విని విని విసిగిన మనిషి, సంచి నెమ్మదిగా కింద పెట్టి, "పూస్తాదని ఆధారమేముండాదండీ?" అంది.

చెట్టును కావలించుకున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. చేయి దించకుండానే నవ్వుకున్నాను.