నాజిల్ ఊదిన నోరు

నరసరావుపేట చుట్టుపక్కల పత్తికి మందు కొట్టే పంపు మొరాయిస్తే రైతులు హబీబ్ షెడ్డుకే మోసుకొచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి ఆయన పని తీరు ఒక్కటే. మందు చిమ్మే నాజిల్ విప్పి, పెదాల మధ్య పెట్టుకుని బలంగా ఊదేవాడు. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై మందు ధార కడుతుంది. ఊదితే మడ్డి మాత్రమే పోతుంది. ఆ చేదు ఉమ్మేసి టీ చెప్పేవాడు.

1989లో కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముఖం బిగుసుకుపోయింది, గొంతు సన్నబడింది. గుంటూరులో డాక్టరు పరీక్షించాడు.

"ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే చిన్న ఇంజన్లుంటాయి. మైటోకాండ్రియా అంటారు. నీ మెదడులో కదలికల్ని నడిపే కణాల్లో అవి పాడవుతున్నట్టున్నాయి. కణాలు చచ్చిపోతున్నాయి."

"పాత ఇంజనుకు చేయించినట్టు బోరు చేయించొచ్చా సార్?"

"చచ్చింది తిరిగి రాదు. మాత్రలతో కొన్నాళ్లు లాగొచ్చు." చేసే పనేమిటో విని డాక్టరు కలం పక్కన పెట్టాడు. "కొన్ని విషాలు సరిగ్గా ఆ ఇంజన్లనే పట్టుకుంటాయని ఇప్పుడిప్పుడే రాస్తున్నారు. నీకు అందువల్లే వచ్చిందని చెప్పలేను. నోటితో మాత్రం ఊదకు."

ఇంట్లో భార్య షహనాజ్ తేల్చి చెప్పింది. "ఈ సీజనులో చెయ్యి కుదురుకోకపోతే షెడ్డులో బల్ల మా తమ్ముడికి వదిలెయ్యి. ఇంట్లో తినాలిగా."

రొంపిచెర్ల నుంచి జానకిరామయ్య పంపు తెచ్చిన రోజున హబీబ్ మాత్ర మింగి కూర్చున్నాడు. నాజిల్‌ను కిరసనాయిలులో కడగబోయాడు. అది వేళ్లలోంచి జారి నేల మీద పడింది. తీశాడు. మళ్లీ పడింది.

"ఏంది హబీబూ, పొద్దున్నే వేసుకున్నావా?" అన్నాడు జానకిరామయ్య. సారా వాసన కూడా ఎరగని మనిషి హబీబ్. "చేలో పురుగు కూసోని తింటంది. నువ్వు ఈడ చేత్తో తాళం వేస్తన్నావు."

టీ బంకు దగ్గర ఇద్దరు నవ్వారు. బామ్మర్ది జహంగీర్ వచ్చి, "లెగు బావా," అన్నాడు. హబీబ్ లేచాడు. జహంగీర్ బల్ల ముందు కూర్చుని నాజిల్ పెదాల మధ్య పెట్టుకున్నాడు.

"నోట్లో పెట్టుకోమాక," అన్నాడు హబీబ్. మాట బల్ల దాటలేదు. చొక్కా పట్టుకుని లాగి మళ్లీ చెప్పాడు.

జహంగీర్ నాజిల్ తీసి బావను ఎగాదిగా చూశాడు. "నువ్వు నేర్పిందేగా బావా. నా చేతికి పనొస్తే నీకు చానా కడుపుమంటగా ఉందే."

చొక్కా విడిపించుకుని ఊదాడు.

పంపు కొట్టి చూశారు. తుంపర సన్నగా, సమంగా పడింది. వంక పెట్టడానికి హబీబ్‌కు ఏమీ దొరకలేదు.

"ఇదీ పనంటే," అన్నాడు జానకిరామయ్య.

జహంగీర్ చేదు ఉమ్మేసి టీ చెప్పాడు.