టేపు పట్టిన చాచా

బోధన్ బస్టాండు వెనక టైలర్ చాచా మా చొక్కాలన్నీ కంటి అంచనాతోనే కుట్టేవాడు. మెడలోని టేపు వీధి పిల్లుల కోసం. రోజూ పాలు పోసి, ఒక్కోదాని నడుము కొలిచేవాడు. "సన్నవడ్డదంటే బీమారే" అనేవాడు.

ఒకనాడు బూడిదరంగు పిల్లికి టేపు రెండుసార్లు చుట్టాడు. నిన్నటికంటే నాలుగు వేళ్లు తక్కువ.

"గిది ఈనింది బేటా. పిల్లలను ఏడ పెట్టిందో సూడు."

పిల్లి దుకాణంలో ఖాళీ మూల చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. అక్కడి గుడ్డముక్కల మూట అప్పుడే బొంతలు కుట్టేవాళ్ల ఆటో ఎక్కింది. చాచా ఉరికాడు, వెనక నేను. రెంజల్ రోడ్డు మలుపులో ఆటో దొరికింది. మూట విప్పితే మూడు పిల్లలు, కళ్లు తెరవనివి, కదులుతున్నాయి.

చాచా ఒక్కోదాన్నీ కొలిచాడు.

ఆ పండక్కి చాచా కంటి అంచనాతో కుట్టిన నా చొక్కా మోకాళ్ల దాకా వచ్చింది. అదే తొడుక్కుని ఊరంతా తిరిగాను.