కమానుకు పూసిన నూనె

పన్నెండేళ్ళుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు తెలియదు. పోయిన మనిషికీ తెలియదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది సోమందేపల్లె దగ్గర సుగాలి తండా. తీజ్ పండుగకు పెళ్ళికాని పిల్లలం తొమ్మిది రోజులు ఆడేవాళ్ళం. ఆటకు సారంగి వాయించేది ఢాడీ తాత. ఢాడీలంటే మా వంశాల పేర్లు పాడేవాళ్ళు. ఆయన కమాను తీగ మీద పడ్డాకే మా కాలు లేవాలి, అది మా కట్టుబాటు. చుట్టుపక్కల తండాలన్నిటికీ ఆయనొక్కడే.

ఆ ఏడు నన్ను చూడడానికి పెళ్ళివారు వచ్చారు. వాళ్ళ ముందే నా కాలు తీగ మాట వినడం లేదని నన్ను ముందు వరుసలోంచి తీసి వెనక్కి పంపాడు తాత. నిజమే కావచ్చు. నిజమైతే మాత్రం అంతమందిలో అనాలా?

మరునాడు ఆయన అన్నానికి లేచినప్పుడు, నా తలనూనె అంటిన వేళ్ళతో కమాను గుర్రపు వెంట్రుకలను ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిమిరాను. వాటికి గుగ్గిలం రుద్దాలి, నూనె తగిలితే తీగ మీద జారిపోతాయి. ఆ సంగతి చిన్నప్పుడు నాకు చెప్పింది ఆయనే.

సాయంత్రం సారంగి పలకలేదు. గుగ్గిలం రుద్దాడు, మళ్ళీ లాగాడు. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఏడే ఆయనకు చేతి వణుకు మొదలైంది, చూపూ మసకబారింది. అందుకే కమానును అనుమానించలేదు. నన్ను పిలిచాడు.

"నీ కాలికి తెలుస్తాది బిడ్డా. చెప్పు, నా చెయ్యి పోయినాదా?"

"పోయినాది తాతా."

"తీగ యాడన్నా చెడిందేమో."

"తీగ బాగానే ఉండాది. నీ చెయ్యే."

మాట వినదని తిట్టిన కాలినే సాక్ష్యం అడిగాడు. వెంట్రుకలు మార్చి చూడు తాతా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఒక్కపూట సిగ్గుపడితే చాలనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, కానీ ఆయన మొహం వాడిపోతుంటే నాకు సంతోషంగానే ఉండింది.

మళ్ళీ ఆయన సారంగి ముట్టలేదు. కొడుకుకు నేర్పమంటే చెడిన చెయ్యి ఏం నేర్పుతుందన్నాడట. మరుసటి ఏడు టేప్ రికార్డర్ పెట్టి ఆడాం. ముందు వరుసలో నేనే ఉన్నాను. రెండేళ్ళకు ఆయన పోయాడు.

ముసలాయనకు చెయ్యి పోయింది, సారంగి ఆగిపోయింది అంటారు తండాలో. నేనూ తల ఊపుతాను. మీరు క్షమించినా అది నాకు అక్కరకు రాదు. ఆయన చెయ్యి పోలేదని ఒక్కచోటైనా ఉండాలనిపించింది. రాశాను.