నాయినకు రాని గేట్ పాస్

మా నాయిన శామీర్‌పేట చెరువుల చేపలు పట్టేటోడు. మోకాళ్లు పట్టేసినంక వల లాగుడు కష్టమైంది. అల్వాల్ దిక్కు ఒక మిలిటరీ ఆఫీసుల తోటపని ఉన్నదని కాంట్రాక్టర్ చెప్పిండు. లోపలికి పోవాల్నంటే గేట్ పాస్ కావాలె, దానికి ముందు పోలీసు విచారణ.

నాకు అప్పుడే భయమైంది. అంతకుముందు ఎండకాలం నాయిన అలియాబాద్‌ల పెండ్లికి పోయి, కల్లు తాగి మోపెడ్ మీద వస్తుంటే పోలీసులు ఆపిండ్రు. పైపుల ఊదిచ్చి బండి గుంజుకున్నరు. కోర్టుల జుర్మానా కట్టినంక ఇచ్చిండ్రు.

"కేసు సంగతి దాయకు. దాసినవని తెలిస్తే అసలుకే పాస్ ఇయ్యరు. ఇప్పుడు తాగుడు బంద్ జేసిన్నని చెప్పు" అన్న నేను.

"సరే బిడ్డా" అన్నడు.

స్టేషన్‌ల ఎస్సై అడిగితే కేసు గురించి అంతా చెప్పిండు. "ఇప్పుడు తాగుతున్నవా?" అన్నడాయన.

"వారానికొక్కసారి, ఐతారం తాగుత సార్. బండి ఇంట్లనే పెట్టి నడుసుకుంట పోత."

పక్కనే ఉన్న నేను నాయిన కాలు తొక్కిన గాని అప్పటికే ఎస్సై రాసుకుంటున్నడు. "ఉన్నది రాసి పంపుత. పాస్ ఇచ్చేది నేను గాదు" అన్నడు.

బయటికొచ్చినంక నాకు ఒళ్లు మండింది. "గా ఐతారం ముచ్చట ఎందుకు చెప్పినవ్?"

"దాయొద్దని నువ్వే అంటివి గదనే."

ఇగ అప్పటిసంది తిరుగుడే. మేడ్చల్‌ల నేను పనిజేసే కంపెనీకి సెలవు పెట్టి పోతే, స్టేషనోళ్లు పంపినమంటరు. ఆఫీసు గేటుకాడోళ్లు రాలేదంటరు. కాంట్రాక్టర్‌ని అడిగితే ఫైలు పైన ఉన్నదంటడు. "పాస్ ఇయ్యం పో" అని ఒక్కడన్న మొఖం మీద చెప్తే ఏడ్సి ఊకుందును. అడ్డమొచ్చింది కేసా, ఐతారమా, గది సుత ఎవలు చెప్పలే. మా గల్లీల రోజు పొద్దుగూకంగనే తాగి పడిపోయేటాయనకు మాత్రం పాస్ వచ్చింది. ఆయన మీద కేసు లేదు.

గదే నాయినతోని అంటే, "ఆయన బండి నడపడు గద" అన్నడు. ఆ మాటకు నాకు ఇంకింత కోపమొచ్చింది.

ఆఖరికి కాంట్రాక్టర్ నాయినను ప్రహరీ బయట రోడ్డు పొంటి మొక్కలకు పెట్టిండు. అక్కడ పాస్‌తోని పనిలేదు. నీళ్లు మాత్రం లోపల్నుంచే రావాలె. నాయిన గేటుకాడ నిలబడి పిలిస్తే లోపలున్నోళ్లు నల్లా తిప్పుతరు. బంద్ జెయ్యాల్నన్నా మల్ల పిలవాలె.

మొన్న సద్ది ఇయ్యనీకె పోయిన. మొక్కల కుదుళ్లు నిండి నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నయి. నాయిన గేటుకాడ పిలుస్తనే ఉన్నడు.